ఒకే దస్తర్‌ఖాన్ కోసం జీవించిన మఖ్దూం

జగ్గయ్యపేటలో జుమా నమాజుకు వచ్చే సోదరుల చేతులు చూడండి. వుజూ నీళ్లకు కూడా పూర్తిగా వదలని సిమెంటు దుమ్ము కొందరి గోళ్ల సందుల్లో కనిపిస్తుంది. నందిగామలో అయితే కొందరి టోపీలకు పత్తి నూగు అంటుకుని ఉంటుంది. ఒకప్పుడు మన నూర్‌బాషా సోదరులు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టి బతికారు. తరువాత జిన్నింగ్ మిల్లులు వచ్చాయి. సున్నపురాయి నేలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. దూది ఏకిన చేతులు మిల్లు గేటు ముందు పనికి నిలబడ్డాయి. అప్పటి నుంచి ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలగడమన్నది ఆ గేటు తెరుచుకోవడం మీద ఆధారపడింది.

గేటు మూతపడితే ఏమవుతుందో మన ఇళ్లకు తెలుసు. సమ్మె కావచ్చు, లాకౌట్ కావచ్చు, పేరేదయినా ఇంట్లో జరిగేది ఒకటే. మొదటి వారం మగవాళ్లు గేటు దగ్గర నినాదాలిస్తారు. రెండో వారం కిరాణా కొట్టు ఖాతా బరువెక్కుతుంది. మూడో వారం ఇంటి ఇల్లాలు కాళ్ల పట్టీలు కొంగున కట్టుకుని తాకట్టు కొట్టు మెట్లెక్కుతుంది. ఆ తరువాత మిరప కోతలకో, పత్తి తీతలకో బయలుదేరుతుంది. బడికి పోయే పిల్లవాడు టీ కొట్టులో గ్లాసులు కడుగుతాడు. ముందుగా చిన్నబోయేది ఇంట్లో పరిచే దస్తర్‌ఖాన్. దాని మీద కూర మాయమవుతుంది, తరువాత పప్పు మాయమవుతుంది, చివరికి తల్లి పళ్లెం మాయమవుతుంది. తనకు ఆకలిగా లేదని ఆమె చెప్పే మాటను పిల్లలు నమ్ముతారు, భర్త నమ్మడు.

శ్రామికుడి చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమని దైవప్రవక్త ముహమ్మద్ (స) మనకు బోధించారు. మన కింద పనిచేసేవారు మన సోదరులేనని, మనం తినేదే వారికి తినిపించాలని, మనం కట్టేదే వారికి కట్టబెట్టాలని, శక్తికి మించిన పని వారి నెత్తిన పెట్టరాదని కూడా ఆ మహనీయులు నేర్పారు. ఈ బోధను మనం ఎన్నో ఖుత్బాలలో విన్నాం. తన జీవితకాలమంతా కార్మికుల దస్తర్‌ఖాన్ గురించే ఆలోచించిన ఒక మనిషిని ఈ వారం మనం గుర్తు చేసుకుందాం. ఆయన మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ ప్రపంచం ఆయనను మహాకవిగా ఎరుగును. హైదరాబాదు కార్మికులు తమ నాయకుడిగా ఎరుగుదురు. ఆయన మనకు దూరపు మనిషి కాడు. జగ్గయ్యపేట దాటి పాలేరు అవతల అడుగు పెడితే వచ్చే నేల ఒకనాడు ఆయనను శాసనసభకు పంపింది. ఆ సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

మసీదు ఊడ్చిన బాలుడు

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. పూర్తి పేరు అబూ సయీద్ ముహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ. తమ వంశమూలం ప్రవక్త (స) అనుచరులైన హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) వరకు వెళుతుందని ఆ కుటుంబం చెప్పుకునేది. తండ్రి గౌస్ మొహియుద్దీన్ నిజాం సర్కారులో ఉద్యోగి. కొడుక్కి బడికి వెళ్లే వయసు వచ్చీరాకముందే ఆయన కన్నుమూశారు. తల్లికి మళ్లీ వివాహమయింది. పిల్లవాడు బాబాయి బషీరుద్దీన్ గారి ఇంట పెరిగాడు.

ఇక్కడ ఒక పోలిక మనసుకు తట్టక మానదు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) కూడా చిన్న వయసులోనే తండ్రిని కోల్పోయారు. తండ్రి మాలిక్ బిన్ సినాన్ (రజి) ఉహుద్ యుద్ధంలో షహీద్ అయ్యారు. ఇంట్లో పూట గడవని స్థితి. సాయం అడిగి రమ్మని ఇంటివారు పంపితే ఆ కుర్రవాడు ప్రవక్త (స) సన్నిధికి వెళ్లాడు. చేయి చాపకుండా ఓర్చుకునేవారిని అల్లాహ్ ఆదుకుంటాడని ఆ సమయంలో ప్రవక్త (స) బోధిస్తున్నారు. ఆ మాటలు విని, ఏమీ అడగకుండానే ఇంటికి తిరిగి వచ్చాడు. పదమూడు శతాబ్దాల తరువాత అందోలులో తండ్రి లేని మరో బాలుడు ఆ పేరే పెట్టుకుని పెరిగాడు.

బషీరుద్దీన్ గారిది కట్టుదిట్టమైన ధార్మిక క్రమశిక్షణ. ఆ ఇంట్లో నమాజు తప్పడానికి వీల్లేదు, పని తప్పించుకోవడానికీ వీల్లేదు. ఖురాన్ చదువుతో పాటు మసీదు ఊడ్వడం, నీళ్లు తోడి పోయడం పిల్లవాడి వంతు. చీపురు పట్టడం చిన్నతనం కాదని మఖ్దూం నేర్చుకున్నది మసీదులోనే. పెద్దయిన తరువాత చీపురు పట్టేవారి పక్కన, బొగ్గు మోసేవారి పక్కన కూర్చోవడానికి ఆయనకు సంకోచం కలగలేదంటే, ఆ పునాది ఇక్కడ పడిందని మేము భావిస్తున్నాం.

ఆ బాబాయి ఒకనాడు ఇంట్లో ఒక సంగతి చెప్పారు. రష్యా అనే దేశంలో విప్లవం వచ్చిందట, అక్కడ రాజూ పేదా తేడా లేకుండా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటున్నారట. విప్లవమంటే ఏమిటో ఆ వయసు పిల్లవాడికి అర్థమై ఉండదు. దస్తర్‌ఖాన్ అంటే మాత్రం అర్థమైంది. సొంత తండ్రి చేయి తగలని పిల్లవాడికి, అందరికీ చోటుండే దస్తర్‌ఖాన్ ఎంత పెద్ద మాటో మనం ఊహించగలం. ఆ మాటను ఆయన జీవితాంతం మరచిపోలేదు.

ఆకలితో సాగిన చదువు

సంగారెడ్డిలో హైస్కూలు ముగించి మఖ్దూం హైదరాబాదు చేరారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరారే గాని ఉండడానికి గది లేదు, తినడానికి డబ్బు లేదు. రాత్రిళ్లు మసీదుల్లో తలదాచుకున్నారు. సినిమా తారల బొమ్మలు అమ్మారు, ట్యూషన్లు చెప్పారు. మసీదు చాపల మీద పడుకుని మరునాడు కాలేజీకి వెళ్లిన ఆ కుర్రవాడు 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పూర్తి చేశారు. చదువుకోవాలన్న పట్టుదల ఉన్న మన పేద విద్యార్థులు గుర్తుంచుకోదగిన జీవితం ఇది.

ఆ పేదరికంలోనే ఆయన కలం మేల్కొంది. 1934లో హోష్ కే నాఖూన్ అనే నాటకం రాశారు. ఆంగ్ల రచయిత బెర్నార్డ్ షా నాటకానికి అది ఉర్దూ రూపం. మురికివాడల్లో పేదల గుడిసెల మీద అద్దెలు గుంజి పెద్దమనుషులుగా చలామణీ అయ్యేవారి కథ అది. తలదాచుకునే గది లేని విద్యార్థి రాయడానికి ఎంచుకున్న కథ ఇదీ! హైదరాబాదులో ఆ నాటకం చూసిన రవీంద్రనాథ్ టాగూరు మెచ్చుకున్నారు. మరుసటి ఏడే టాగూరు కవిత్వం మీద మఖ్దూం ఉర్దూలో పుస్తకం రాశారు. చిన్నాచితకా కొలువుల తరువాత 1939లో హైదరాబాదు సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకుడయ్యారు.

ఒక అనాథ బాలుడు లెక్చరర్ కావడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నెలజీతం, మర్యాద, పెళ్లాం పిల్లలతో నిశ్చింతైన కాపురం. మన తల్లిదండ్రులు పిల్లల కోసం దువా చేసేది ఇలాంటి కొలువు కోసమే. కొద్ది సంవత్సరాలకే మఖ్దూం ఆ ఉద్యోగం వదిలేశారు. పూర్తికాలం కార్మికుల్లో పనిచేయడానికి వెళ్లిపోయారు.

ఫ్యాక్టరీ గేటు ముందు

ఆ నాటి హైదరాబాదు సంస్థానం అంటే మనకు నవాబుల దేవిడీలు, ఉస్మానియా కట్టడాలు గుర్తొస్తాయి. దాని మరో ముఖం పొగ గొట్టాలది. నగరంలో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, ఆజమాబాద్‌లో చార్మినార్ సిగరెట్ల ఫ్యాక్టరీ, ఆల్విన్ కర్మాగారం, బొత్తాల ఫ్యాక్టరీ, రైల్వే వర్క్‌షాపులు ఉండేవి. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఉండేది. నేడు కర్ణాటకలో ఉన్న షాహాబాద్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. వీటిలో పనిచేసినవారు ముస్లిములు, దళితులు, పద్మశాలీలు, వలస వచ్చిన రైతుకూలీలు. ఒకే షెడ్డులో ఒకే దుమ్ము పీల్చినవారు. ఇంటికి వెళ్లాక ఒకరు ఉర్దూలో, మరొకరు తెలుగులో ఒకే కష్టం చెప్పుకునేవారు.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు నడిచాయి. యజమానులకు ఆర్డర్లు పెరిగాయి, బజారులో బియ్యం ధర కూడా పెరిగింది. పెరగనిది కూలి ఒక్కటే. రేషను గింజల కోసం స్త్రీలు బారులు తీరారు. సమయానికి జీతం, ధరలకు తగిన కరువు భత్యం, బోనసు, అదుపులో ఉన్న పని గంటలు అన్నవి నేడు మామూలు మాటలుగా వినిపిస్తాయి. ఆనాడు వాటిని అడిగినవాడి పేరు మరునాడు హాజరు పుస్తకంలో ఉంటుందన్న నమ్మకం లేదు.

మఖ్దూం చేసిన పని ఈ భయాన్ని పోగొట్టడం. ఒక్కడు అడిగితే గేటు బయటికి నెట్టేస్తారు, అందరూ కలిసి అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు. యూనియన్ అన్న మాటకు అర్థం ఇంతే. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ వంటి సహచరులతో కలిసి ఆయన సిగరెట్ల ఫ్యాక్టరీలో, ఆల్విన్‌లో, బొత్తాల ఫ్యాక్టరీలో, షాహాబాద్ సిమెంటులో, రైల్వేలో, విద్యుత్ శాఖలో సంఘాలు కట్టారు. 1946లో వీటన్నిటినీ కలిపి అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు మఖ్దూం. అప్పటికే 1944లో ఆయన తొలి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా వెలువడింది. ముషాయిరాలలో పండితులు తలలూపిన కవి గేటు మీటింగుల్లో కూలీల చేత పాడించాడు. ఎవరి ముందు ఏ మాట మాట్లాడాలో తెలిసిన మనిషి.

నిజాం కొలువు ముస్లిముల కొలువేనని మనవాళ్లలో చాలామంది నమ్మిన రోజులవి. సింహాసనం మీద మన మతంవాడు ఉంటే చాలునన్న తృప్తి ఉండేది. మఖ్దూం పని ఆ తృప్తిని ప్రశ్నించింది. సిగరెట్లు చుట్టే ముస్లిం కూలీకి, టాంగా తోలే ముస్లిం సాయిబుకు ఆ సింహాసనం వల్ల సాయంత్రం దస్తర్‌ఖాన్ మీద ఒక రొట్టె అదనంగా వచ్చిందా? రాలేదు. పక్క ఇంటి హిందూ కూలీకి రానట్టే అతనికీ రాలేదు. ఈ సంగతి పైకి అన్నందుకు సొంతవారి చేత కూడా మఖ్దూం పరాయివాడనిపించుకున్నారు.

సమ్మె ఇంట్లో జరిగేది

సమ్మె చరిత్రలు రాసేవారు తేదీలు, డిమాండ్లు, ఒప్పందాలు రాస్తారు. ఇల్లాళ్ల సంగతి రాయరు. సమ్మె గెలిచేదీ ఓడేదీ గేటు దగ్గర కాదు, వంటింట్లో. యజమానికి గోదాములో సరుకు ఉంటుంది, బ్యాంకులో డబ్బు ఉంటుంది. కార్మికుడికి ఉండేది బియ్యం డబ్బా ఒక్కటే. ఆ డబ్బా అడుగంటే రోజు కోసం అవతలివారు ఎదురుచూస్తారు. అందుకే అనుభవమున్న యూనియన్లు సమ్మెకు ముందే నిధి కూడబెడతాయి, గింజలు పోగుచేస్తాయి, కిరాణా వర్తకులతో మాట్లాడి అరువు ఇప్పిస్తాయి. పక్క ఫ్యాక్టరీ కార్మికులు తమ కూలిలోంచి ఇంత తీసి ఇస్తారు. ఇల్లాలు ఓర్చుకుంటే మగవాడు గేటు దగ్గర నిలబడగలడు. ఆమె నడుము విరిగిననాడు అతడు తల వంచుకుని పనిలోకి వెళతాడు.

జగ్గయ్యపేట, నందిగామలలోని మన తల్లులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. రమజాన్ నెలలో పని ఆగిపోతే సహరీకి గంజి కాచిన ఇళ్లున్నాయి. ఈద్‌కు పెద్దవాడి పాత చొక్కా చిన్నవాడికి సరిచేసి కుట్టిన చేతులున్నాయి. ఆ చేతులు ఏ సంఘం రిజిస్టరులోనూ ఉండవు. సబ్ర్ అన్న మాటను మనం ఎంతో తేలికగా వాడతాం. దాని అసలు బరువు మోసేది వీరే.

మఖ్దూం సొంత ఇల్లు కూడా ఇందుకు భిన్నం కాదు. 1946 చివర నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద విరుచుకుపడింది. పార్టీని నిషేధించింది. నాయకుల కోసం వారంట్లు బయలుదేరాయి. మఖ్దూం అజ్ఞాతవాసంలోకి వెళ్లిపోయారు. 1951లో పట్టుబడేదాకా ఇళ్లు మారుతూ, పేర్లు మారుస్తూ బతికారు. సుమారు అయిదు సంవత్సరాలు! తండ్రి ఎక్కడున్నాడో చెప్పుకోలేని పిల్లలు, భర్త బతికున్నాడో లేదో పైకి అడగలేని భార్య. తండ్రి లేక పెరిగిన మనిషి తన పిల్లలకు కూడా తండ్రి లేని బాల్యాన్ని చవి చూపవలసి వచ్చింది. ఇతరుల దస్తర్‌ఖాన్ కోసం బయలుదేరినవాడి ఇంట్లోనే దస్తర్‌ఖాన్ ముందు ఒక చోటు ఖాళీగా మిగిలింది. ఇందులో ఎంత తప్పుంది, ఎంత త్యాగముంది అన్నది తూచడం మన తరం కాదు. కాని ఆయన గొప్పతనం చెప్పుకున్నప్పుడు ఆ ఇల్లాలి పేరున కూడా కొంత జమ వేయాలి.

పాలేరు అవతల

అవి మన ప్రాంతం కూడా అట్టుడికిన రోజులు. జగ్గయ్యపేట, నందిగామ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో ఉండేవి. 2022 నుంచి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. గరికపాడు దగ్గర పాలేరు దాటితే నిజాం రాజ్యం. ఆ రాజ్యం నడుమ మునగాల పరగణా ఒక్కటి ద్వీపంలా మన నందిగామ తాలూకాలో ఉండేది. ఇవతలి పిల్లను అవతల ఇచ్చారు, అవతలి ఎద్దును ఇవతల అమ్మారు. సరిహద్దు కాగితాల మీదే గాని చుట్టరికాల్లో లేదు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి మఖ్దూం నిజాం పాలన మీద సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. రజాకార్ల దాడులకు తట్టుకోలేక తెలంగాణ పల్లెల వారు కుటుంబాలతో పాలేరు దాటి ఇవతలికి వచ్చారు. మన ఊళ్ల చుట్టూ శిబిరాలు వెలిశాయి. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత సైన్యం ఈ రోడ్డు మీదుగానే కోదాడ, సూర్యాపేటల వైపు సాగింది. నాలుగు రోజుల తరువాత నిజాం లొంగిపోయాడు.

ఆ తరువాత సంస్థానంలో ఎందరో అమాయక ముస్లిములు, రజాకార్లతో ఏ సంబంధమూ లేనివారు, పగకు బలయ్యారు. ఆ గాయం ఎన్నో ఇళ్లలో ఇంకా మానలేదు. మరోవైపు పల్లెల్లో భూమి కోసం పోరు 1951 అక్టోబరు దాకా సాగింది. ఆయుధం పట్టిన ఆ మార్గం సరైనదా కాదా అన్న చర్చ ఆ పార్టీలోనే తెగలేదు. మేమూ ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. మేము చెప్పదలచింది ఆ తరువాత జరిగిన ఒక చిన్న విషయం.

1952 తొలి సాధారణ ఎన్నికల నాటికి మఖ్దూం జైలు నుంచి విడుదలయ్యారు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. మఖ్దూం మొదట నగరంలో ఓడిపోయారు. అదే సంవత్సరం హుజూర్‌నగర్‌కు ఉప ఎన్నిక వచ్చింది. హుజూర్‌నగర్ అంటే మన జగ్గయ్యపేటకు పొరుగూరే. ఓటర్లు తెలుగు మాట్లాడే రైతులు, కూలీలు. వారిలో అత్యధికులు హిందువులు. అభ్యర్థి ఉర్దూ కవి, పేరు మొహియుద్దీన్. రజాకార్ల జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉంది. నాలుగేళ్ల కిందట ముస్లిం పేరు వినపడితేనే అనుమానంగా చూసిన పల్లెలవి. ఆ పల్లెలు మఖ్దూంను గెలిపించి శాసనసభకు పంపాయి.

దీన్ని మేము చిన్న విషయమన్నాం గాని, నిజానికి పెద్దది. మతం పేరుతో చీలిన మనసులను మళ్లీ కలిపింది ఉపన్యాసం కాదు. పక్కవాడి ఆకలిని తన ఆకలిగా చూసిన మనిషి కలిపాడు. తమ ఇంటి దస్తర్‌ఖాన్ గురించి ఆలోచించేవాడు ఏ మతంవాడైనా తమవాడేనని పాలేరు అవతలి రైతులు ఓటు వేసి చెప్పారు. సోదర సమాజంతో మన బంధం ఎలా నిలుస్తుందని అడిగేవారికి ఇంతకంటే మంచి సమాధానం మాకు తెలియదు.

చివరి సంవత్సరాలు

తరువాత మఖ్దూం కొంతకాలం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యలో పనిచేశారు. దేశదేశాల కార్మికులను చూసి వచ్చారు. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడ్డాక అందులో సభ్యులుగా, ప్రతిపక్ష నాయకులుగా వ్యవహరించారు. 1961లో గులె తర్, 1966లో బిసాతె రక్స్ సంపుటాలు వచ్చాయి. పదవుల్లో ఉన్నా ఆయన దగ్గరికి మామూలు కూలీ నేరుగా వెళ్లి కూర్చునేవాడు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 61 సంవత్సరాలు. ఆ ఏటి సాహిత్య అకాడమీ పురస్కారం బిసాతె రక్స్‌కు దక్కింది. పార్థివ దేహాన్ని హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా కబరస్తాన్‌లో ఖననం చేశారు. కవులు, మంత్రులు, రిక్షా తొక్కేవారు, మిల్లు కార్మికులు ఆయన కోసం ఒకచోట చేరారు. నేడు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. హిమాయత్‌నగర్‌లో ఆయన పేరున భవనం ఉంది.

కొందరు పాఠకులు మమ్మల్ని అడగవచ్చు. కమ్యూనిస్టు జీవితాన్ని శుక్రవారం పేజీలో రాయడమేమిటని. న్యాయమైన ప్రశ్నే. ఆయన సిద్ధాంతంతో మనం ఏకీభవించనక్కరలేదు. ఆయన హృదయంలో ఏమున్నదో అల్లాహ్‌కే తెలుసు, ఆ లెక్క తీసుకోవడం మన పని కాదు. మన లెక్క మనం చూసుకుందాం. కూలివాడి చేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసులో ఉంది. అనాథను నెట్టివేసేవాడిని, పేదవాడికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడిని ఖురాన్ ధర్మాన్ని తిరస్కరించేవాడిగా చూపింది. నమాజు చేసే మనం ఈ మాటలను ఎంతవరకు పాటిస్తున్నాం? బ్రిటిషు ఇండియాలో 1936లో వేతనాల చెల్లింపు చట్టం వచ్చేదాకా, నెల తిరిగాక ఫలానా తేదీలోగా జీతం ఇవ్వాలన్న నియమం లేదు. మనకు ఆ నియమం పద్నాలుగు వందల ఏళ్ల కిందటే అందింది. అందినా అమలు చేయలేదు. అందోలు మసీదు ఊడ్చిన బాలుడు ఆ న్యాయం కోసం జైలుకు వెళ్లాడు. మనలో ఎందరం కనీసం కొట్టులో పనిచేసే కుర్రవాడికి నెలనెలా సరిగా జీతం ఇస్తున్నాం?

మన చేతిలో ఉన్నది

నేడు జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పర్మనెంటు కార్మికుడి పక్కన కాంట్రాక్టు కూలీ అదే పని చేస్తున్నాడు. దుమ్ము ఇద్దరికీ సమానం, జీతం సమానం కాదు. జిన్నింగ్ మిల్లులో సీజను ముగిస్తే స్త్రీలకు పని ముగుస్తుంది. గేటు మూతపడిన రోజున ఆ ఇళ్లను ఆదుకోవడానికి మసీదు కమిటీలు ఏం చేయగలవు? బైతుల్‌మాల్‌లో కొంత భాగం పని పోయిన కుటుంబాల పిల్లల ఫీజులకు పక్కన పెట్టవచ్చు. కిరాణా వర్తకులైన మన సోదరులు ఆ నెలలో ఖాతా మూసేయకుండా ఉండవచ్చు. జుమా రోజున పక్క సఫ్‌లో నిలబడిన మనిషి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడగవచ్చు. ఆ ఇల్లు హిందువుదైనా, క్రైస్తవుడిదైనా అడగాలి. పొరుగువాడు పస్తుండగా కడుపు నింపుకునేవాడు విశ్వాసి కాడన్న ప్రవక్త (స) బోధలో పొరుగువాడి మతం ప్రస్తావన లేదు.

మనలో యజమానులైనవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. జకాత్ వేరు, కూలి వేరు. జకాత్ అల్లాహ్ విధించిన దానం, కూలి మనం చెల్లించవలసిన బాకీ. కూలిలో కోత పెట్టి, ఆ మిగులులోంచి రమజాన్‌లో చీరలు పంచితే బాకీ తీరదు. కూలి సకాలంలో పూర్తిగా ఇస్తే ఎన్నో ఇళ్లకు జకాత్ చీర కోసం బారులో నిలబడే అవసరమే ఉండదు. అడగకుండా తిరిగి వచ్చిన హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) గౌరవం ప్రతి కార్మికుడి ఇంటికీ దక్కాలంటే, చేయి చాపవలసిన పరిస్థితి ముందు మనం తొలగించాలి.

ఈ సాయంత్రం ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఒక్కసారి చుట్టూ చూద్దాం. ఎవరి పళ్లెం లేదో గమనిద్దాం. ఆకలిగా లేదని చెప్పే తల్లిని ముందు కూర్చోబెడదాం. మన దగ్గర పనిచేసేవారికి ఆ పళ్లెంలోని వాటా చేరిందో లేదో ఆలోచిద్దాం. కష్టజీవుల హక్కును గుర్తించే హృదయాన్ని, దాన్ని సకాలంలో చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.